గంజి పెట్టిన అడవి

పోయిన నెలలో మా మనవరాలి స్కూల్లో నాటకం వేశారు. పిల్లది కుందేలు వేషం, మొత్తం కలిపి మూడే మాటలు. ఆ మూడు మాటలు వినడానికి మా ఇంటిల్లిపాదీ రెండు కార్లలో బయల్దేరి, ఆలస్యంగా చేరి, ముందు వరసలు దొరక్క హాల్లో బాగా వెనక కూర్చున్నాం. నా పక్క కుర్చీలో మా తోటికోడలు. తెర లేచేసరికి వేదిక వెనకంతా అడవి. చెట్లు, తీగలు, ఆకు ఆకుకీ ఈనెలు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు ఫోన్లెత్తి వీడియోలు తీసుకుంటుంటే మేమిద్దరం మాత్రం, ఎవరో చెప్పినట్టు ఒక్కసారే తలలు వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి ఆ అడవి వైపు చూశాం. అది మేము పదిహేడేళ్ళు కలిసి పనిచేసిన కంపెనీ నుంచి అద్దెకు వచ్చిన బట్ట. మనుషులు వేసింది కాదు, మెషీన్ మీద అచ్చు వేసింది. మా తోటికోడలు నా చెవి దగ్గరికి వంగి, “దీన్ని ఎవ్వరూ పైకెక్కి చూడలే అక్కా,” అంది.

ఆ ఒక్క మాటతో నేను ఎక్కడికో వెళ్ళిపోయాను. కుందేలు ఎప్పుడు వచ్చిందో, మూడు మాటలూ ఎప్పుడు చెప్పేసి వెళ్ళిందో తెలియదు. చాలా బాగా చెప్పావమ్మా అని ఇంటికొచ్చాక మనవరాలితో అబద్ధమాడాను.

మీలో తోటికోడళ్ళు ఉన్నవాళ్ళకి నేను పెద్దగా వివరించనక్కర్లేదు. లేనివాళ్ళు అదృష్టవంతులు అనబోయి ఆగిపోతున్నాను, ఎందుకు ఆగానో చివర్లో మీకే తెలుస్తుంది. అరవై ఎనిమిదేళ్ళొచ్చాక దాచుకోవడానికి ఏముంది గనక, చెప్పేస్తున్నాను, నేను కుళ్ళుమోతుదాన్ని. నా జీవితంలో ఒకే ఒక్క మనిషిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను, ఆ మనిషిని ఆ ఉద్యోగంలోకి చేయి పట్టుకుని తీసుకెళ్ళింది కూడా నేనే. కొరివితో తల గోక్కోవడం అంటారే, అదీ.

పెళ్ళికి ముందు నేను తెనాలిలో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచర్ని. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరుగా మిషిగన్ వచ్చినప్పుడు నా వీసాకి ఉద్యోగం చేసే హక్కు లేదు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఇడ్లీ పిండి రుబ్బుతూ, మంచు తుడుస్తూ, పిల్లల స్కూలు ప్రాజెక్టులకి బొమ్మలు గీస్తూ గడిపాను. ఒక ఉగాదికి మా తెలుగువాళ్ళు నాటకం వేస్తే గరాజ్‌లో పాత దుప్పట్లు పరిచి రాజుగారి అంతఃపురం గీసి ఇచ్చాను. హాల్లో స్టేజి బిగించడానికి వచ్చిన వడ్రంగి, ఒక తెల్లాయన, ఆ దుప్పట్లని ముట్టుకుని ముట్టుకుని చూసి, మా కంపెనీలో రంగులు వేసేవాళ్ళు కావాలి, వచ్చి కనపడమన్నాడు. అలా నలభై ఏళ్ళు దాటాక నాకు ఉద్యోగం దొరికింది.

ఆ కంపెనీ పని నాటకాలకీ, మ్యూజియంలకీ, కార్ల ప్రదర్శనలకీ సెట్టింగులు కట్టి పంపడం. ఒకవైపు వడ్రంగులు, ఒకవైపు ఇనుప పని చేసేవాళ్ళు, మధ్యలో మా రంగుల వాళ్ళకి క్రికెట్ ఆడుకునేంత నేల. నాటకం తెర అంటే గోడకి వేలాడదీసి వేస్తారనుకునేదాన్ని. కాదు. నలభై అడుగుల బట్టని నేల మీద పరిచి, అంచుల వెంట పిన్నులు కొట్టి, ముందు గంజి పెడతారు. నిజం గంజే. మన పత్తి చీరలకి పెట్టినట్టే. ఆరాక డప్పులా బిగుసుకుంటుంది. అప్పుడు బూట్లు విప్పి, శుభ్రమైన మేజోళ్ళు వేసుకుని, ఆ బట్ట మీదే నడుస్తూ, వెదురు కర్ర చివర కట్టిన బ్రష్షుతో నిలబడి రంగు వేయాలి. మొదటి రోజున ఆ గంజి వాసన ముక్కుకి తగిలేసరికి మా అమ్మ దండెం మీద చీరలు ఆరేస్తున్నట్టే అనిపించి, ఏమిటీ దేశం, ఏమిటీ వాసన అనుకున్నాను.

రంగుల విభాగానికి పెద్ద ఒక ముసలాయన. ఆయన్ని నేను మనసులో మేస్త్రీగారనే పిలుచుకునేదాన్ని. ఆయన మెడలో ఎప్పుడూ ఒక పాత దుర్భిణి వేలాడుతుండేది. గోడ వెంట ఇనప మెట్లుండేవి, వాటి మీదకెక్కి, ఆ దుర్భిణిని తలకిందులు చేసి, పెద్ద అద్దం కంటికి పెట్టుకుని కిందకి చూసేవాడు. అలా చూస్తే వస్తువు దూరమైపోతుంది కదా, హాల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి తెర ఎలా కనపడుతుందో తెలుస్తుంది. పైకెక్కి చూడకుండా ఎవరూ రెండో రంగు ముట్టకూడదు. షాపులో ఉన్న నియమం అదొక్కటే, దాన్ని ఆయన రోజుకి పదిసార్లు చెప్పేవాడు. నాకు మోకాళ్ళ నొప్పులు. అదీ కాక బడిలో ఇరవై అంగుళాల కాగితం మీద గులాబీ రేకులు నేర్పించినదాన్ని, దగ్గరగా బాగుంటే దూరంగా ఎందుకు బాగుండదన్న పొగరు ఒకటి. మెట్లెక్కకుండానే ఎక్కానని చెప్పేదాన్ని.

నేను పనిలో చేరిన నాలుగేళ్ళకి మా మరిది కుటుంబం కూడా మిషిగన్ వచ్చింది. నేను తెనాలిలో పనిచేసినా మాది గోదావరి వైపు, మా తోటికోడలిది వరంగల్. మా వైపు పెద్ద తోటికోడల్ని మీరు అంటారు. ఈవిడ విమానం దిగిన రోజునే “అక్కా, నువ్వు తిన్నవా?” అంది. ఆ ‘నువ్వు’ని నేను చాలాకాలం మింగలేక కక్కలేక తిరిగాను. తనకి పని చేసుకోవడానికి కాగితాలు వచ్చాక, ఇంట్లో ఒక్కతే కూర్చుని బెంగ పెట్టుకుంటోందని మా ఆయన అంటే, బట్టకి గంజి పెట్టడానికీ డబ్బాలు కడగడానికీ మనిషి కావాలంటున్నారు, తీసుకెళతాలే అన్నాను. బొమ్మలు వేయడం రాదని తనే చెప్పింది. రాదన్న ధైర్యంతోనే తీసుకెళ్ళాను, నిజం చెప్పాలంటే.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు. రెండేళ్ళు తిరక్కుండా ఈవిడ వెదురు కర్ర పట్టింది. ఆ పట్టుకోవడం కూడా చీపురు పట్టుకున్నట్టే ఉండేది. నాలుగు రంగులు తెచ్చి, ఇక్కడొక విసురు, అక్కడొక విసురు, మధ్యలో స్పాంజితో ఒక దెబ్బ. దగ్గర నిలబడి చూస్తే పేడనీళ్ళు చల్లినట్టుండేది. తనేమో రోజుకి ముప్పైసార్లు ఆ మెట్లెక్కి దిగేది, మోకాళ్ళు గట్టివి మరి. నేను లోలోపల నవ్వుకునేదాన్ని. తరవాత తెర పైకి లేపేవాళ్ళు. లేపగానే ఆ పేడనీళ్ళు కాస్తా ఇటుక గోడ అయ్యేవి, వాన కురిసి వెలిసిన సందు అయ్యేవి. వడ్రంగులు రంపాలు ఆపి వచ్చి నిలబడేవాళ్ళు. నా గోడలకి ఎవరూ రంపం ఆపలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో అనేదాన్ని, అదృష్టం అండీ, అంతే, చెయ్యి తిరిగిన పని కాదని. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, ప్రతిసారీ అదృష్టమేనా అనేవాడు. మా ఆయనకి నన్ను సమర్థించడం ఎప్పుడూ చేతకాలేదు.

ఇంతలో మేస్త్రీగారు ఆ ఏడాదితో మానేస్తాడని తెలిసింది. ఆయన తరవాత ఎవరు? ముందు చేరింది నేను, బడిలో బొమ్మలు నేర్పింది నేను, పైగా పెద్దదాన్ని. ఆ దుర్భిణి నా మెడలోకి రావాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు. స్నానం చేసి అద్దం ముందు నిలబడి మంగళసూత్రం సర్దుకుంటూ, దాని పక్కన ఆ తోలు పట్టీ ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే ఒక నాటకానికి అడవి తెర వచ్చింది. ఎడమ సగం నాకు, కుడి సగం మా తోటికోడలికి ఇచ్చాడు మేస్త్రీగారు. ఎవరికీ చెప్పకపోయినా అది పరీక్షని అందరికీ తెలుసు. నేను తొమ్మిది రోజులు ఒక్కొక్క ఆకూ గీశాను. ఆకుకి అంచు, అంచుకి వెలుగు, మధ్యలో ఈనె. నడుము విరిగిపోయింది. పదో రోజున మేస్త్రీగారు నన్ను చేయి పట్టుకుని మెట్లెక్కించి, దుర్భిణి తలకిందులు చేసి నా కంటికి పెట్టాడు. కుడివైపు అడవి లోపలికి దారి ఉంది, ఆ దారిలో చీకటి ఉంది, నడిచి వెళ్ళొచ్చు. ఎడమవైపు నా తొమ్మిది రోజుల కష్టం గోడకి అంటించిన ఆకుపచ్చ కాగితంలా ఉంది. ఆయన మంచి మనిషి, చాలా మెల్లగా చెప్పాడు, మొదటి వరసలో కూర్చునే వాళ్ళకి నీ పని చాలా బాగుంటుంది, కానీ ఎల్లుండి మీ చెల్లెలు వచ్చి దీని మీద కూడా ఒక చేయి వేస్తుంది అని.

మా చెల్లెలు వచ్చి నా పని దిద్దుతుందట. ఆ మాట నా నెత్తిన పిడుగులా పడింది.

మర్నాడు మా మరిదికీ తనకీ అమెరికా పౌరసత్వం ప్రమాణం. ఇంట్లో అందరం వెళ్ళాలి. నాకు పనుందని మానేశాను. మేస్త్రీగారు కూడా ఆ రోజు ఏదో థియేటర్ కొలతలకి వెళ్ళాడు. ఆ పెద్ద నేల మీద నేనూ ఆ అడవీ మిగిలాం. కాసేపు నా సగం మీద నిలబడ్డాను. తరవాత మేజోళ్ళతో నడుచుకుంటూ తన సగం మీదకి వెళ్ళాను. నా బుర్రలో నడిచిన లెక్క మీకు చెప్పాలి. రెండు సగాలూ ఒకేలా ఉంటే ఏది తక్కువో ఎవరు చెప్పగలరు? పైగా చెడగొట్టడం లేదు కదా, బాగుచేస్తున్నాను కదా. ఇంత చీకటి ఎందుకు, ఈ ఖాళీల్లో నాలుగు ఆకులు వేస్తే నిండుగా ఉంటుంది కదా. చిన్న బ్రష్షు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, భోజనం కూడా మానేసి, తన చీకట్లన్నీ ఆకులతో నింపేశాను. ప్రతి ఆకుకీ ఈనె. మెట్లెక్కి మాత్రం చూడలేదు.

మర్నాడు పొద్దున్న మేస్త్రీగారు పైనుంచి చూసి కిందకి దిగాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. అడవి మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, పాచి పట్టిన గోడ. సాయంత్రం నాలుగింటికి లారీ వస్తుంది. ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. వడ్రంగులు, ఇనుప పని వాళ్ళు, అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మహా అయితే ఒక్క మాట చెప్పాలి, నేనే అని. చెప్పలేదు.

అప్పుడు మా తోటికోడలు వచ్చింది, చేతిలో లడ్డూల డబ్బాతో. అందరికీ పంచడానికి తెచ్చుకుంది పాపం, పౌరసత్వం వచ్చిందని. వాళ్ళ ముఖాలు చూసి డబ్బా కింద పెట్టి, మెట్లెక్కింది. పైన చాలాసేపు నిలబడింది. దిగి వచ్చి, బూట్లు విప్పి, తన సగం మీదకి నడిచి, వంగి ఒక ఆకు ముట్టుకుంది. ఆ ఈనె చూశాక ఎవరి చేయో అడగాల్సిన పనేముంది? నా వైపు ఒక్కసారి చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. తరవాత మేస్త్రీగారితో ఇంగ్లీషులో, తనకొచ్చిన ఆ నాలుగు ముక్కల్లోనే చెప్పింది, నేను లేని రోజున అక్కని వేయమని చెప్పాను, తప్పు నాది అని.

మేస్త్రీగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అందరూ మేజోళ్ళు వేసుకోండి అన్నాడు.

ఆ రోజు జరిగింది మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోలేను. మా తోటికోడలు ముదురు నీలంలో పచ్చ కలిపి పలచగా నీళ్ళలా చేసి, గొట్టంతో, స్పాంజితో, ఆఖరికి నిజంగా చీపురుతోనే, ఆ అడవి మీద చల్లింది. ఇరవై ఏళ్ళ నుంచి రంగు ముట్టని వడ్రంగులు బూట్లు విప్పి, చిరుగుల మేజోళ్ళతో బట్ట చుట్టూ నిలబడి ఫ్యాన్లు పట్టుకుని ఆరబెట్టారు. తను మెట్లెక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. నేను బకెట్లు మోశాను. మూడున్నరకి తెర లేపితే అడవిలో మళ్ళీ దారి ఉంది, ఈసారి నా సగంలో కూడా ఉంది. లారీలోకి ఎక్కించాక అందరూ నేల మీద కూర్చుని ఆ లడ్డూలు తిన్నారు. నేను ఖాళీ బకెట్లు కడుగుతూ ఉండిపోయాను.

మీరు అనుకుంటారు, అంతటితో నా కుళ్ళు పోయి ఉంటుందని. పోలేదు. ఇంకా పెరిగింది. రంగులో మించిపోయింది, సరే, ఓర్చుకుందామనుకున్నాను; మంచితనంలో కూడా నన్ను మించిపోతే నేనెక్కడికి పోవాలి? తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఒక్క మాట దెప్పి ఉంటే నేనూ రెండు మాటలని, ఇంటికొచ్చి ఏడ్చి, తేలికయ్యేదాన్ని. ఇంటి దగ్గర అత్తగారితో గానీ, మరిదితో గానీ, నాతో గానీ తను ఆ మాట ఎత్తలేదు. రెండు నెలలకి మేస్త్రీగారు అందరం భోజనాల దగ్గర ఉండగా లేచి, ఆ దుర్భిణి తీసి మా తోటికోడలి మెడలో వేశాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆ వారం ఇంట్లో చేసిన ప్రతి కూరలో ఉప్పెక్కువైంది.

ఆ తరవాత పదకొండేళ్ళు తన చేతి కింద పనిచేశాను. గులాబీలు, లేసు పరదాలు, పాత పుస్తకాల వెన్నులు, ముందు వరసకి దగ్గరగా ఉండే సన్నపని ఏదొచ్చినా నాకే ఇచ్చేది. అది కూడా జాలిపడి ఇస్తోందని కుళ్ళుకునేదాన్ని. ఎన్నోసార్లు కారులో పక్కపక్కన కూర్చుని వెళుతూ, ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. మూడో సిగ్నల్ దాటేసరికి ధైర్యం పోయేది. తరవాత కంపెనీ చేతులు మారింది. అచ్చు వేసే మెషీన్ వచ్చింది, బొమ్మలు చెక్కే మెషీన్ వచ్చింది. గంజి కాచే పెద్ద గిన్నెని బయట పెట్టేశారు. మేమిద్దరం ఒకే ఏడాది మానేశాం.

ఇప్పుడు తను ఎడారి వైపున్న చాండ్లర్ అనే ఊరికి వెళ్ళిపోయింది, కొడుకు అక్కడ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజినీరు. స్కూలు నాటకం అయిన మరుసటి ఆదివారం, వెళుతున్నానని చెప్పడానికి వచ్చింది. చేతిలో దుర్భిణి, చంకలో చుట్టిన ఒక బట్ట. ఆ అడవి తెర చిరిగిపోయిందని పారేస్తుంటే ఒక ముక్క కోసి ఉంచుకుందట, ఎప్పుడో. మా డైనింగ్ టేబుల్ మీద పరిచింది. ఒక్క కొమ్మ. నా కొమ్మ. పద్దెనిమిది ఆకులు, ఈనెలతో సహా, పైన నీలం చుక్క కూడా పడలేదు.

“దీనిమీద రంగు పొయ్యబుద్ధి కాలే అక్కా,” అంది. “ఇంట్ల ఎన్నిసార్లు గీసి చూసిన్నో, నాకు ఇట్ల రాలే. నిన్ను చూస్తే మస్తు కడుపుమంట ఉండేది.”

నేను అప్పుడు చెప్పాను. ఇన్నేళ్ళుగా సిగ్నళ్ళ దగ్గర పోగొట్టుకున్న మాట, వంటింటి వెలుగులో, చేతిలో కాఫీ గ్లాసుతో చెప్పాను.

“ఆ రోజు నువ్వు నాకేం చెప్పలేదు. నీ మీద కుళ్ళుతో నేనే చేశాను. తప్పయిపోయింది.”

తను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, “గా సంగతి షాపు మొత్తానికి ఎరుకే అక్కా,” అంది.

దుర్భిణి నా దగ్గరే వదిలేసి వెళ్ళింది. ఎంతో ఆశపడ్డది చివరికి నా చేతికొచ్చింది, చూడడానికి నేల మీద తెర లేదు. ఆ మధ్య ఒకసారి పాత కంపెనీకి వెళ్ళాను. పిల్లలు చక్కగా స్క్రీన్ల ముందు కూర్చుని ఉన్నారు, ఒకళ్ళతో ఒకళ్ళు ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. నేలంతా ఖాళీ, బూట్లతోనే తిరుగుతున్నారు. ఎవరి పని ఏదో వాళ్ళకే తెలియదు, అంతా మెషీన్ వేస్తుంది. ఎవరికీ ఎవరి మీదా కడుపుమంట లేదు. మెషీన్‌ని చూసి ఎవరు కుళ్ళుకుంటారు? నాకెందుకో వాళ్ళని చూస్తే జాలేసింది.

తను వెళ్ళి మూడు వారాలైంది. నిన్న ఫోన్ చేసింది. ఎండలు మండిపోతున్నాయట, ఇల్లు బాగుందట. పక్కింట్లో ఒక విజయవాడావిడ ఉందట, ఆవిడా తనూ కలిసి పిల్లల లైబ్రరీలో గోడకి బొమ్మ వేస్తున్నారట. ఆవిడ ఎంత సన్నగా గీస్తుందో అక్కా, నువ్వు చూడాలె అంది. నేను సరే సరే అని ఫోన్ పెట్టేశాను. ఇవాళ పొద్దున్నుంచి రెండుసార్లు పప్పు మాడింది. ఆ విజయవాడావిడ ఎవరో, ఎన్నేళ్ళ మనిషో, మోకాళ్ళు ఎలాంటివో కనుక్కుందామని ఫోన్ తీసి, నంబరు నొక్కబోయి, ఇప్పటికి నాలుగుసార్లు పెట్టేశాను.